క్యూబిట్‌టోరెంట్: డిఫాల్ట్‌గా వదిలేస్తే లైను మొత్తం మింగేస్తుంది

టోరెంట్లను, అంటే వాడేవాళ్లంతా ఒకరి నుంచి ఒకరు ముక్కలుగా పంచుకునే ఫైళ్లను, దించుకునే ప్రోగ్రామ్ ఇది. ఉచితం, ఓపెన్ సోర్స్, ప్రకటనల బెడద లేదు. అయితే ఇన్‌స్టాల్ చేయగానే అప్‌లోడ్‌కు హద్దేమీ ఉండదు. అసలు చిక్కంతా అక్కడే. అప్‌లోడ్ నిండిపోతే, డౌన్‌లోడ్‌కు మనవైపు నుంచి వెళ్లాల్సిన, డేటా అందిందని చెప్పే రసీదు ప్యాకెట్లు మోడెమ్ క్యూలోనే ఇరుక్కుంటాయి. డౌన్‌లోడూ పడిపోతుంది, ఇంట్లో వీడియో కాలూ తెగుతుంది. అప్‌లోడ్ వేగంలో 80 శాతం దగ్గర ఆపండి: 10 ఎంబీపీఎస్ లైనుకు సెకనుకు సుమారు 1000 కిలోబైట్లు. మరీ బిగిస్తే అవతలివాళ్లూ మనకివ్వడం తగ్గిస్తారు.

క్యూలో ఒకేసారి నడిచేవి డిఫాల్ట్‌గా 3 డౌన్‌లోడ్లు, 3 అప్‌లోడ్ల దాకా, రెండూ కలిపి 5 మించకుండా. ఇళ్లకిది చాలు. సీడర్లు (పూర్తి ఫైలు ఉండి పంచేవాళ్లు) లేని టోరెంట్ ఒక స్థానాన్ని పట్టుకుని కూర్చుంటే వెనకవి కదలవు. అందుకే నెమ్మది టోరెంట్లను లెక్కలోకి తీసుకోవద్దనే ఆప్షన్‌కు టిక్ పెట్టాల్సిందే.

అడ్వాన్స్‌డ్‌లో ఒక్కో పీర్‌కు (ఫైలు పంచుకునే అవతలి కంప్యూటర్‌కు) పెండింగ్ రిక్వెస్టుల పరిమితి 500. ఒక్కోటి అడిగేది 16 కిలోబైట్ల డేటా, అంటే దాదాపు 8 మెగాబైట్లు ముందే అడిగి ఉంచొచ్చు. ఇంటి కనెక్షన్‌కు దీన్ని పెంచి లాభం లేదు.

వేళల వారీ వేగ పరిమితి భేష్. సెట్టింగుల మెనూ మాత్రం అడవే.