దొరల కాలం కథకు నవల మేలా, సినిమా మేలా, సిరీస్ మేలా?

"రెండు గంటల్ల అయిపోయేదానికి అన్ని పేజీలు ఎవడు చదువుతడు బై" అనేటోళ్లు ఒకదిక్కు, "నవల చదివినోనికి సినిమా ఆనదు" అనేటోళ్లు ఇంకోదిక్కు, నల్లగొండల మా దోస్తుల నడుమ ఈ పంచాయితి ఎన్నటికీ తెగదు. నేనైతే ఊకెనే పుస్తకం గొప్ప అనను, ఏం కథ అన్నదాన్ని బట్టి ఉంటది. దొరల కాలం కథలే తీసుకుందాం, ఎందుకంటే మన దిక్కు ఏ ముసలమ్మను కదిలించినా గడి (దొర ఉండే కోట లాంటి ఇల్లు), వెట్టి (కూలి ఇయ్యకుండ చేయించుకునే చాకిరి), దొరల మీద కొట్లాడిన సంఘం ముచ్చట్లు పడుతయి కాబట్టి ఎవడు ఉత్తుత్తగ రాసినా తీసినా ఇక్కడ జల్ది దొరికిపోతడు.

దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' నవల, బి.నర్సింగరావు 'దాసి' సినిమా. రెండూ గడి లోపలి కథలే, రెండిట్లా ఆడబాపలుంటరు, అంటే దొరసాని పెండ్లయి అత్తగారింటికి వచ్చేటప్పుడు సామానుతోటి ఎంట పంపిన ఆడపిల్లలు. నవలల పాణి అనే పాటగాడు బతుకుదెరువు కోసం ఆంధ్ర దిక్కు నుంచి నిజాం ఇలాకాకు వస్తడు. ఇక్కడి కత ఆయనకేం ఎరుకలేదు, అందుకే దొర ఎవరు, కరణం ఏం చేస్తడు, వెట్టి ఎట్ల నడుస్తది అన్నీ ఆయన ఎంబడే మనం గూడ తెలుసుకుంటం, మాటల్ల మన యాస, నడుమ నడుమ ఉర్దూ. ఊరిని నడిపిచ్చే మెషిన్ ఎట్ల తిరుగుతదో బోల్టులతోని సహా చూపెట్టాలంటే నవలను మించింది లేదు.

కానీ దాసి సంగతి వేరే. 1988ల వచ్చింది, ఐదు నేషనల్ అవార్డులు, గడిల దాసి కమలాక్షిగ చేసిన అర్చనకు ఉత్తమ నటి, ఆర్ట్ డైరెక్షన్‌కు మన తోట వైకుంఠంకు (పెద్ద బొట్ల ఆడోళ్ల బొమ్మలు గీస్తడు గదా, ఆయనే). ఈ సినిమాల మాటలు మస్తు తక్కువ. కమలాక్షి పిలిస్తె పోతది, పని చేస్తది, మల్ల ఇంకోళ్లు పిలుస్తరు. దొరతోని కడుపైతది, ఆ కడుపు గూడ తనది కాదు, తీయించేస్తరు. ఇదే నవలల అయితె రాసేటోడు కమలాక్షి మనసుల ఏమనుకుంటుందో రాయకుండ ఆగలేడు, పేజీ నిండ బాధ పోస్తడు. కెమెరా అట్ల చెయ్యలేదు, ఉత్తగ ముఖం చూపెడతది, ఆ ముఖంల ఏముందో మనమే ఎతుక్కోవాలె. నోరెత్తే హక్కు లేని మనిషి కథకు అదే కరెక్టు, ఇక్కడ సినిమాదే గెలుపు, నాతోని ఎవరైనా కొట్లాడొచ్చు.

చేతిపని కథలు గూడ అంతే. ఆసు పోసుడు (చీరె నేసే ముందు దారాన్ని మొలల చుట్టూ చేత్తోని చుట్టుడు) గురించి పేపర్ల ఎన్నిసార్లు రాయలే? ఒక్క చీరెకు చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలంటరు, చదివితె అబ్బో అనుకుంటం, పేజీ తిప్పుతం. 'మల్లేశం' (2019)ల ఆ తల్లి అర్ధచంద్రం లెక్క కొట్టిన మొలల చుట్టూ దారం పోసుకుంట కూసుంటె చూసేటోనికి భుజం గుంజుతది, కొడుకు మెషిన్ ఎందుకు చెయ్యాలనుకున్నడో డైలాగ్‌తోని చెప్పే పనే లేదు. ఆలేరు దిక్కు మన చింతకింది మల్లేశం నిజం కథ గదా, ఇక అబద్ధం ఆడే చాన్స్ ఎక్కడిది.

ఇగ సిరీస్. ఇప్పుడొచ్చే సగం సిరీసులు రెండు గంటల కథకు నీళ్లు కలిపి ఎనిమిది ఎపిసోడ్లు చేస్తున్నయి, ఆఖర్ల ఎవరో తలుపు కొట్టంగనే కట్, సీజన్ టూ అంటరు, నాకు ఒళ్లు మండుతది. గడి కథకు ఇది అస్సలే పనికిరాదు.

అయితె నిజాం మీద, దొరల మీద రైతులు చేసిన తెలంగాణ సాయుధ పోరాటానికి మాత్రం సిరీసే కావాలె, ఇది నేను ఒప్పుకుంట. 1946 జులై 4న కడవెండిల సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల కాల్పులల్ల చనిపోయిన కాడినుంచి 1951ల పోరాటం ఆపేదాంక ఐదేండ్లు, అండ్ల దళాలు, రజాకార్లు, పోలీస్ యాక్షన్, పంచిన భూములు మల్ల గుంజుకునుడు, ఊరికో లెక్క, మనిషికో లెక్క. ఈ పోరాటం మీద వచ్చిన 'మా భూమి' మంచి సినిమా, బండి యాదగిరి 'బండెనక బండి కట్టి' పాట గద్దర్ గొంతుల వింటె ఇప్పటికీ రోమాలు లేస్తయి, కానీ అంత పెద్ద లొల్లిని హీరో రామయ్య ఒక్కని బతుకుల కుక్కాల్సి వచ్చింది పాపం. అదే సిరీస్ అయితె ఎపిసోడ్‌కో ఊరు పెట్టొచ్చు, ఒకదాంట్ల చాకలామె, ఇంకోదాంట్ల పటేల్, మరోదాంట్ల దళానికి బువ్వ మోసిన పిల్లగాడు. తీసేటోళ్లు ఎవరైనా ఉంటె ఒక్కటే దండం పెడతా, హీరో ఎంట్రీకి స్లోమోషన్ల కండువా ఎగరేయకుండ్రి, మా యాసను కామెడీ చేసేటోనికి మాత్రమే ఇయ్యకుండ్రి.

ఇప్పుడు మొదలుపెట్టేటోళ్లుంటె ముందు దాసి చూడుండ్రి, ఆ తర్వాతనే చిల్లర దేవుళ్లు పట్టుండ్రి. ఉల్టా చేస్తె నవల అన్నీ ముందే చెప్పేస్తది, కమలాక్షి ముఖంల ఎతుక్కునేటందుకు మీకేం మిగలదు.