మూసాపేటలో ఆకాశహర్మ్యం కాపురం: ఆరేళ్ల తర్వాత

హైదరాబాద్‌లో బాలానగర్, సనత్‌నగర్, మూసాపేట అంటే పాతవాళ్లకు ఐడీపీఎల్, ఆల్విన్ ఫ్యాక్టరీలు, లేత్ మిషన్ల చప్పుడు, లారీల వరసలు. ఇప్పుడు అవే షెడ్ల మధ్య ముప్పై అంతస్తుల టవర్లు లేచాయి. బ్రోషర్లో మెట్రో ఎంత దూరమో రాస్తారు, కూకట్‌పల్లి నాలా ఎంత దూరమో రాయరు. ఆరేళ్లు వాడాక మా మాట ఒక్కటే: ఇక్కడ కొనేటప్పుడు క్లబ్‌హౌస్ చూడకండి. ఎన్నో అంతస్తు, ఏ వైపు, ఏ నీళ్లు అన్నవి చూడండి.

రాకపోకల గురించి ఫిర్యాదు లేదు. 2017 నవంబర్‌లో మెట్రో మొదలైంది, 2021లో బాలానగర్ ఫ్లైఓవర్, 2022లో కైతలాపూర్ వంతెన తెరిచారు. హైటెక్ సిటీకి పోవాలంటే జేఎన్టీయూ చుట్టూ తిరగక్కర్లేదు. కూరగాయలకు ఎర్రగడ్డ రైతుబజార్, భరత్‌నగర్ మార్కెట్ ఉన్నాయి. గేటెడ్ కమ్యూనిటీ లోపలి సూపర్‌మార్కెట్‌లో టమాటా కొనేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

అసలు కథ నీళ్లది. టవర్‌కు మూడు రకాల నీళ్లొస్తాయి: జలమండలి (నగర నీటి సరఫరా సంస్థ) లైను, బోరు, ట్యాంకర్. (పైపులో వచ్చేది కృష్ణ అయినా గోదావరి అయినా ఇక్కడ అందరూ మంజీరా అనే అంటారు.) మూడూ సంపులో కలిసిపోతే ఏ రోజు ఏ నీళ్లతో స్నానం చేశారో తెలియదు. టీడీఎస్ పెన్ను ముంచి సరే అనుకోవడం పొరపాటు. అది కరిగిన లవణాల మొత్తమే చెబుతుంది, గట్టిదనం (కాల్షియం, మెగ్నీషియం ఎంత) విడిగా చెప్పదు. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ లెక్కలో తాగే నీటికి గట్టిదనం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉంటే మేలు, వేరే దారి లేకపోతే 600 వరకు చెల్లుతుంది. చుక్కల మందుతో కొలిచే కిట్ కొని నెలకోసారి చూడండి. దశాబ్దాలుగా ఫ్యాక్టరీలున్న నేల కాబట్టి బోరు నీటికి సీసం, క్రోమియం లాంటి భారలోహాల పరీక్ష కూడా ల్యాబ్‌లో చేయించమని అసోసియేషన్‌ను అడగాలి.

నీటి గట్టిదనం తీసే సాఫ్ట్‌నర్ ప్లాంటు ఉందని మురిసిపోవద్దు. అందులోని రెజిన్‌ను (గట్టిదనాన్ని పట్టుకునే పూసలను) ఉప్పునీళ్లతో కడిగితేనే మళ్లీ పనిచేస్తుంది. ఉప్పు బస్తాల ఖర్చు తగ్గించారంటే నాలుగు రోజులకే బాత్రూం అద్దాల మీద తెల్ల మచ్చలు మొదలవుతాయి, గీజర్ ఎలిమెంటు మీద సున్నం పేరుకుంటుంది. గీజర్‌లో ట్యాంకు బదులు తాను అరిగిపోయే ఆనోడ్ రాడ్‌ను ఏడాదికోసారి విప్పి చూడాలి. అది పూర్తిగా అరిగిపోయాక తుప్పు ట్యాంకుకే పడుతుంది.

గట్టి నీళ్లకు ప్రెషర్ తోడైతే ఇంకో బెడద. పది మీటర్ల ఎత్తుకు ఒక కేజీ ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకు) అని ప్లంబర్ల లెక్క. తొంభై మీటర్ల పైనున్న ట్యాంకు నుంచి నేరుగా దిగితే కింది అంతస్తులో తొమ్మిది కేజీలు. అందుకే కొన్ని అంతస్తులకొకటి చొప్పున ప్రెషర్ తగ్గించే వాల్వులు పెడతారు. వాటిలో సున్నం, ఇసుక చేరితే సరిగ్గా మూసుకోవు. పగలు అందరూ వాడుతుంటే తెలియదు, అర్ధరాత్రి వాడకం ఆగాక ప్రెషర్ పెరుగుతుంది. కమోడ్ ట్యాంకు సన్నగా ఈల వేస్తుంటే అదే గుర్తు. తర్వాత చిట్లేది దాని కింది అల్లిక పైపు, అదీ ఇంట్లో ఎవరూ లేనప్పుడే. వాషింగ్ మెషిన్ కొళాయికి చిన్న గేజ్ బిగించి రాత్రి రెండింటికి చూడండి. నాలుగు కేజీలు దాటితే వెంటనే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. ఊరెళ్లేటప్పుడు ఫ్లాటు మెయిన్ వాల్వు కట్టేయడం అలవాటు చేసుకోండి.

ఫ్లష్ ట్యాంకుకు వచ్చేవి ఎస్టీపీలో (మురుగునీటి శుద్ధి ప్లాంటులో) శుద్ధి చేసిన నీళ్లు. కరెంటు మిగులుతుందని రాత్రిళ్లు అందులోకి గాలి ఊదే బ్లోయర్లు ఆపితే గాలి అందక మేలు చేసే సూక్ష్మజీవులు చస్తాయి, తెల్లారేసరికి కుళ్లిన గుడ్ల వాసన. బ్లోయర్ ఎన్ని గంటలు తిరిగిందో లాగ్‌బుక్‌లో ఉంటుంది. కొనేముందు అది చూపించమనండి. చూపించకపోతే జవాబు దొరికినట్టే.

ఇక గాలి. సనత్‌నగర్‌లో కాలుష్య నియంత్రణ మండలి స్టేషన్ ఉంది, దాని అంకెలు సమీర్ యాప్‌లో గంట గంటకూ వస్తాయి. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున చల్లగాలి నేలకు అంటుకుని పొగను పైకి పోనివ్వదు. ఈశాన్యం నుంచి వీచినప్పుడు జీడిమెట్ల పారిశ్రామికవాడ వైపు నుంచి సాల్వెంట్ల (రసాయన ద్రావకాల) ఘాటు వస్తుంది. వాస్తు కోసం ఈశాన్యం బాల్కనీకి ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లు ఆ పొద్దున ఐదింటికి ఒకసారి వచ్చి అక్కడ నిలబడాలి. నాలా వైపు ఫ్లాట్లకైతే వానాకాలం ముందు వాసన, ఆ తర్వాత దోమలు. మా టవర్‌లో పదో అంతస్తు దాటాక దోమలు బాగా తగ్గాయి, పావురాలు మాత్రం పై దాకా వస్తాయి. నెట్టు తప్పదు.

ఎత్తుకు పోతే మోత తగ్గుతుందన్నది సగం నిజం. ఆటోల హారన్లు తగ్గుతాయి. సనత్‌నగర్ వైపు రైలు కూత తగ్గదు, మధ్యలో అడ్డమేమీ ఉండదు కాబట్టి. జారే కిటికీలకు సందుల్లో బ్రష్ మాత్రమే ఉంటుంది, శబ్దమూ దుమ్మూ రెండూ దూరతాయి. పడకగదికైనా రబ్బరు గాస్కెట్‌తో నొక్కి మూసుకునే తలుపుల కిటికీ వేయించుకోండి.

డబ్బు సంగతి. లీటరు డీజిల్‌కు జనరేటర్ మూడు, మూడున్నర యూనిట్లే ఇస్తుంది. అంటే కరెంటు పోయినప్పుడు యూనిట్‌కు దాదాపు ముప్పై రూపాయలు. చదరపు అడుగుకు నాలుగు రూపాయల మెయింటెనెన్స్ అయితే రెండు వేల అడుగుల ఫ్లాటుకు 8,000. నెలకు 7,500 దాటి, అసోసియేషన్ ఏడాది వసూళ్లు 20 లక్షలు మించితే 18 శాతం జీఎస్టీ. మొత్తం మీదా, దాటిన భాగం మీదేనా అన్నది కోర్టుల దాకా వెళ్లిన గొడవ. 1,850 అడుగుల ఫ్లాటుకు 7,400 మాత్రమే, ఆ గొడవే ఉండదు.

గోడ పగుళ్లు, స్లాబు లీకుల్లాంటి లోపాలకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్లు బిల్డర్‌దే బాధ్యత. చెప్పిన ముప్పై రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. వాట్సాప్ గ్రూపులో ఫోటో పెడితే ఫిర్యాదు ఇచ్చినట్టు కాదు. ఈమెయిల్ పంపండి, తేదీ మిగులుతుంది. ఐదో ఏడు వానాకాలం అవగానే పై అంతస్తులు, బేస్‌మెంట్ గోడలు ఒకసారి అంతా తిరిగి చూసి జాబితా పంపాలి. మాకు ఆరో ఏట కనిపించిన తడికి మెయింటెనెన్స్ డబ్బులోంచే రంగు వేయించుకోవాల్సి వచ్చింది.