ఎర్ర రక్తకణాల ఫ్యాటీ యాసిడ్ టెస్టు: విశాఖలో రెండుసార్లు చేయించుకున్నాక

జూన్ మూడో వారంలో ఒకసారి, నవంబరులో ఇంకోసారి చేయించుకున్నాను. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తారు, మాది ఎంవీపీ కాలనీ. రేటు ఎక్కువే అయినా నాకు నచ్చింది, కానీ కొన్ని విషయాలు ముందే తెలిస్తే మంచిది.

మామూలు లిపిడ్ ప్రొఫైల్లో ట్రైగ్లిజరైడ్స్ నిన్న రాత్రి తిన్నదాన్ని బట్టి కూడా మారిపోతాయి. ఈ టెస్టులో అలా కాదు, ఎర్ర కణం పొరలో ఏ ఫ్యాటీ యాసిడ్ ఎంత శాతం ఉందో కొలుస్తారు. ఆ కణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి కొన్ని నెలల తిండి అందులో కనిపిస్తుంది. సముద్రపు చేపల్లో ఎక్కువగా ఉండే ఒమేగా-3 ఫ్యాటీ యాసిడ్లు ఈపీఏ, డీహెచ్‌ఏ రెండూ కలిపి 8 శాతం దాటితే మంచిదని, 4 కంటే తక్కువైతే బాగా తక్కువని 2004లో హారిస్, వాన్ షాకీ అనే పరిశోధకులు ప్రతిపాదించారు.

నాకు 3.8 వచ్చింది! వారానికి రెండుసార్లు చేపలు తింటాం కదా అనుకుని, కూర్చుని లెక్క వేస్తే అర్థమైంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలూ మా ఇంట్లో సముద్రపు చేప వండిందే లేదు, అంతకుముందు తెచ్చినవీ ఎక్కువ చెరువు శీలావతులే.

సర్వీసు విషయానికొస్తే, మొదటిసారి ఉదయం ఆరున్నరకని చెప్పి తొమ్మిదికి వచ్చారు, నేను రాత్రి ఎనిమిది నుంచీ ఏమీ తినలేదు. వచ్చినబ్బాయి రక్తం తీసి, ఊదారంగు మూత ట్యూబుని టానిక్ సీసా ఊపినట్టు ఊపేశాడు. దాన్ని నెమ్మదిగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేయాలంతే, గట్టిగా ఊపితే ఎర్ర కణాలు పగిలిపోతాయి, మనం కొలిపించుకునేదే వాటిని! మర్నాడు ఫోన్ చేసి శాంపిల్ పాడైంది, మళ్ళీ ఇవ్వాలన్నారు. డబ్బులు అడగలేదు, సారీ కూడా చెప్పలేదు. రెండోసారి వచ్చినావిడ మాత్రం ట్యూబుని అరచేతిలో పెట్టుకుని మెల్లగా తిప్పి, నా ఎదురుగానే పేరు రాసి, ఐస్ ప్యాక్ డబ్బాలో పెట్టారు. ఆవిడ పనితనానికి దండం పెట్టాలి.

ఇక రిపోర్టు మీద ఫోన్లో మాట్లాడిన డైటీషియన్, పాల్మిటిక్ అనే ఫ్యాటీ యాసిడ్ ఎక్కువగా ఉంది, పామాయిల్ మానేయండి అన్నారు. మేం పామాయిల్ వాడనే వాడం. మూడు పూటలా అన్నం, టీల్లో చక్కెర ఎక్కువైతే కాలేయం పాల్మిటిక్‌ని తనే తయారు చేస్తుంది, అది ఆవిడ అడగాల్సింది.

ఇంకోటి, ఈ ప్యాకేజీతో మీ ఊబకాయం మెటబాలిజం మొత్తం తెలుస్తుందని చెప్పి అమ్ముతున్నారు, అది తప్పు. ఎర్ర కణానికి జన్యువులుండే కేంద్రకమే లేదు, జన్యువుల పనితీరు చూడాలంటే తెల్ల కణాలు కావాలి. మనిషి పొట్ట కొవ్వులోంచి, కాలేయంలోంచి ముక్క తీయడం కష్టం కాబట్టి పరిశోధకులు రక్తంలోంచి లింఫోసైట్లు, మోనోసైట్లు అనే తెల్ల కణాలు వేరుచేసి, ఫలానా కొవ్వు తిన్నాక సీపీటీ1ఏ లాంటి జన్యువులు ఎంత పనిచేస్తున్నాయో చూస్తారు. కొవ్వుని కరిగించడానికి మైటోకాండ్రియాలోకి, అంటే కణంలో శక్తి తయారయ్యే చోటుకి పంపేది అదే. కానీ ఆ పని కొంతమందిని కలిపి పోల్చి చూసే పరిశోధన, నా నడుము ఎందుకు పెరిగిందో ఇంటికొచ్చి తీసుకెళ్ళిన ఒక్క ట్యూబు చెప్పలేదు.

జులై నుంచి ఫిషింగ్ హార్బర్ దగ్గర కవళ్ళు, కానాగంతలు తెచ్చి పులుసు పెట్టుకున్నాం, నవంబరుకి 5.9 అయింది. బరువు మాత్రం కిలో కూడా తగ్గలేదు. మళ్ళీ చేయించుకుంటే ఏప్రిల్ మొదట్లోనే, బోట్లు ఒడ్డెక్కకముందే, అదీ ఆవిడే వస్తానంటేనే.