చందమామ ఫోటోలకి ఫోటోపిల్స్ యాప్: కొనొచ్చా?

నిండు చందమామ ఫోటో అనగానే పౌర్ణమి రాత్రి కెమెరా తీసుకుని బయల్దేరతాం. చివరికి మిగిలేది చీకట్లో తెల్లటి గుండ్రం. కింద చెరువూ కనపడదు, కొండా కనపడదు. నేల మీది వెలుగూ చంద్రుడి వెలుగూ సరిపోయేది సూర్యాస్తమయం తర్వాత పావుగంట, ఇరవై నిమిషాలే. ఆ లోపు చంద్రుడు పైకి వచ్చి ఉండాలి. అది ఏ రోజో, అందుకు ఎక్కడ నిలబడాలో చెప్పడానికి ఫోటోపిల్స్‌ని మించింది నేను చూడలేదు.

నా ఉపయోగం హుస్సేన్‌సాగర్ బుద్ధుడితో. ప్లానర్‌లో, అంటే యాప్‌లోని మ్యాప్‌లో, మనం నిలబడే చోటుని చూపే ఎర్ర పిన్ను నెక్లెస్ రోడ్డు ఒడ్డున, నల్ల పిన్ను విగ్రహం మీద పెడతాను. చంద్రోదయం దిక్కుకి లేత నీలం గీత పడుతుంది. ఎర్ర పిన్నుని వేలితో ఒడ్డు వెంబడి జరుపుతూ పోతే ఒకచోట ఆ గీత విగ్రహం మీదుగా వెళ్తుంది. అక్కడితో ఆగకూడదు. చంద్రుడు నిట్టనిలువుగా లేవడు, మనకి కుడివైపు వాలుతూ లేస్తాడు. బుద్ధుడి తల ఎత్తుకి వచ్చేసరికి కాస్త పక్కకి పోయి ఉంటాడు. కింద టైమ్ పట్టీని నిమిషం నిమిషం జరిపి చూసుకుంటే ఆ తేడా తెలిసిపోతుంది. పైగా డిసెంబరు పున్నమి చంద్రుడు ఈశాన్యం వైపు, జూన్ పున్నమి చంద్రుడు ఆగ్నేయం వైపు జరిగి లేస్తాడు కాబట్టి పోయిన నెల నిలబడ్డ చోటు ఈ నెల పనికిరాదు.

మా మామగారు పంచాంగం పక్కా మనిషి. పౌర్ణమికి ముందురోజే ఫోటోకి వెళ్తానంటే, "రేపు చతుర్దశే కదా అల్లుడూ, నిండు చంద్రుడు ఎక్కడ?" అన్నారు. ఫోటోలో ఆ కాస్త తరుగు ఎవరికీ కనపడదు. చంద్రోదయం రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి చాలా నెలల్లో ముందురోజే మేలు. పంచాంగం కూడా వేళ చెబుతుంది, దిక్కే చెప్పదు.

ఇంకో మాట. విగ్రహం 18 మీటర్లు, ఆకాశంలో చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. రెండూ ఒకే సైజులో కనపడాలంటే మనం రెండు కిలోమీటర్ల దూరంలో ఉండాలి. నెక్లెస్ రోడ్డు నుంచి అంత దూరం లేదు. కాబట్టి అక్కడి నుంచి బుద్ధుడి కంటే పెద్ద చంద్రుణ్ణి తీశామంటే నేను నమ్మను.

యాప్ తెలుగులో లేదు, మొదట్లో ఆ మెనూలకి బుర్ర తిరుగుతుంది. లెక్కలన్నీ ఆకాశానివే. సిటీ దుమ్మూ, ట్యాంక్‌బండ్ వెనక బిల్డింగులూ దాని లెక్కలోకి రావు. యాప్ చెప్పిన వేళ దాటాక పది నిమిషాలైనా చంద్రుడు కనపడకపోతే టెన్షన్ పడక్కర్లేదు.

300 ఎంఎం లెన్సో, అంతకంటే పెద్దదో ఉంటే కళ్లు మూసుకుని కొనండి. ఫోన్‌తో తీసేవాళ్లకి మాత్రం వద్దంటాను. మామూలు ఫోన్ కెమెరాలో చంద్రుడు బూందీ గింజంత పడతాడు, దానికి చంద్రోదయం వేళ తెలిస్తే చాలు.