పెద్దావిడలకి ఆక్సీబ్యుటినిన్ కంటే మిరాబెగ్రాన్ ఎందుకు నయం

ఉన్నట్టుండి తోసుకొచ్చే మూత్రం ఆపుకోలేని పెద్దావిడ చీటీ పట్టుకుని అమలాపురంలోనో భీమవరంలోనో మందుల షాపుకి వెళ్తే, చేతికొచ్చేవి ముఖ్యంగా రెండు రకాల బిళ్ళలు. అట్ట మీద పెద్దగా ఉండే కంపెనీ పేరు వదిలేసి, చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి.

ఆక్సీబ్యుటినిన్ పాత మందు, చవక, పని కూడా చేస్తుంది. నరాల సందేశాలు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకుని మూత్రాశయం ఉన్నట్టుండి బిగుసుకోకుండా చూస్తుంది. చిక్కల్లా జ్ఞాపకానికీ అదే ఎసిటైల్‌కోలిన్ కావాలి, ఈ మందేమో మెదడులోకి సులువుగా వెళ్ళిపోతుంది. నోరు పిడచకట్టుకుపోవడం, మలబద్ధకం వెంటనే తెలుస్తాయి. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోవడం, సాయంత్రమయ్యేసరికి తికమకపడటం మొదలైతే మాత్రం ఇంట్లోవాళ్ళు "వయసు కదా" అని ఊరుకుంటారు. ఈ తరహా మందులు ఏళ్ళ తరబడి వాడినవాళ్ళలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఎక్కువ కనిపించిందని 2015లో, 2019లో పెద్ద అధ్యయనాలు వచ్చాయి. మందే కారణమని అవి తేల్చలేదు. అయినా 65 దాటినవాళ్ళకి దీన్ని మొదటి మందుగా సిఫార్సు చేయరు. జలుబు బిళ్ళలోని క్లోర్‌ఫెనిరమిన్, నరాల నొప్పికిచ్చే ఎమిట్రిప్టిలిన్ కూడా ఇదే పని చేస్తాయి, మూడూ కలిస్తే మత్తు, తికమక ముదురుతాయి. పైగా ఆక్సీబ్యుటినిన్ చెమట తగ్గిస్తుంది కాబట్టి డెల్టాలో మే నెల ఉక్కకి వడదెబ్బ భయం.

మిరాబెగ్రాన్ ఎసిటైల్‌కోలిన్ జోలికి పోదు. మూత్రాశయ కండరంలో ఉండే, మందు సందేశాన్ని అందుకునే బీటా-3 గ్రాహకాల ద్వారా దాన్ని వదులు చేస్తుంది. ఖరీదు ఎక్కువే. మామూలుగా 25 మి.గ్రా.తో మొదలుపెడతారు. గుణం తెలియడానికి 8 వారాలు పట్టొచ్చు, రెండు వారాలకే మానేస్తే డబ్బు దండగ. బీపీ పెంచుతుంది గనక ముందే చూపించుకోవాలి, పై అంకె 180కి గానీ కింది అంకె 110కి గానీ చేరితే వాడకూడదు. మెటోప్రొలాల్ (బీపీకి, గుండెకి ఇచ్చే మందు) వాడేవాళ్ళు డాక్టరుకి చెప్పాలి, మిరాబెగ్రాన్ రక్తంలో దాని స్థాయిని పెంచుతుంది. మింగలేకపోతే అరటిపండులో నూరి పెట్టడం మన ఇళ్ళలో మామూలే. ఈ బిళ్ళని మాత్రం నూరొద్దు, విరవొద్దు: రోజంతా నెమ్మదిగా కరగాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది.

ఆక్సీబ్యుటినిన్ ఇప్పటికే వాడుతుంటే అన్ని అట్టలూ డాక్టరు ముందు పెట్టి మార్పు అడగండి. ఏ బిళ్ళ మొదలుపెట్టాలన్నా ముందు మూత్ర పరీక్ష చేయించాలి, ఇన్ఫెక్షన్ ఉన్నా ఇవే లక్షణాలు. దగ్గినా తుమ్మినా కారే రకానికి ఈ రెండూ పనికిరావు. దానికి మూత్రం ఆపుకున్నట్టు కటి కండరాలు బిగించి 8 సెకన్లు పట్టి వదలాలి, పూటకి 8 సార్లు, రోజుకి మూడు పూటలు, కనీసం 3 నెలలు.