హెచ్‌పీజీఆర్ రివ్యూ: రాగి గనిలో కరెంటు ఆదా నిజమే, కానీ ప్రతి రాయికీ కాదు

హెచ్‌పీజీఆర్ అంటే హై ప్రెషర్ గ్రైండింగ్ రోల్స్, రెండు రోలర్ల మధ్య రాయిని గట్టిగా నొక్కి నలిపే యంత్రం. అర శాతం రాగి ఉన్న ఖనిజం తీసుకుందాం. అందులో 90 శాతం రాగి చేతికొచ్చినా, ఒక టన్ను రాగికి 222 టన్నుల రాయిని పిండి చెయ్యాలి. టన్ను రాయికి 2 యూనిట్లు మిగిలితే టన్ను రాగికి 444 యూనిట్లు మిగిలినట్టు. రిఫైనరీలో ఎలక్ట్రాలిసిస్‌తో శుద్ధి చేయడానికి టన్నుకు అయ్యేదే సుమారు 300 నుంచి 400 యూనిట్లు. కాబట్టి కరెంటు ఆదా గురించి మాట్లాడేటప్పుడు ముందు చూడాల్సింది రాయిని పిండి చేసే మిల్లునే.

గనుల్లో మామూలుగా వాడే శాగ్ మిల్లు అంటే తిరిగే పెద్ద డ్రమ్ము, అందులో రాయి, ఉక్కు బంతులు కలిసి దొర్లుతాయి. బంతి బంతికే తగిలిన దెబ్బ వేడిగా, చప్పుడుగా పోతుంది. పైగా ఆ బంతులు అరుగుతాయి, వాటి తయారీకి పట్టిన ఇంధనం ఎవరి మీటర్లోనూ కనపడదు. హెచ్‌పీజీఆర్‌లో ఎదురెదురుగా తిరిగే రెండు రోలర్ల మధ్య రాయి రాయినే నొక్కుకుని పగులుతుంది. ఒక రోలర్ స్థిరం. రెండోదాన్ని హైడ్రాలిక్ సిలిండర్లు నెడుతుంటాయి. కిందికి బిళ్లలుగా వస్తుంది, వాటిని స్క్రీన్ మీద నీళ్లతో విడదీయాలి.

పెరూలోని సెర్రో వెర్దే రాగి గని దీనికి పెద్ద పరీక్ష. 2006లో శాగ్ మిల్లు లేకుండానే పోలీసియస్ కంపెనీ చేసిన 4 హెచ్‌పీజీఆర్ యంత్రాలతో మొదలుపెట్టారు. ఒక్కో రోలర్ వ్యాసం 2.4 మీటర్లు, ఒక్కో యంత్రానికి 5 మెగావాట్లు. 2015 విస్తరణలో ఇంకో 8 పెట్టారంటే అదే చాలు సాక్ష్యం.

బ్రోషర్‌లో మాత్రం రోలర్లు తినే కరెంటే చూపిస్తారు, టన్నుకు 2 యూనిట్లో అటూ ఇటో. దానికి సెకండరీ క్రషర్, స్క్రీన్లు, మళ్లీ వెనక్కి తెచ్చే కన్వేయర్లు, డస్ట్ ఫ్యాన్లు కలపండి. గట్టి రాయికి ఈ యంత్రాలన్నీ కలిసిన మొత్తం సర్క్యూట్ మీద 10 నుంచి 20 శాతం ఆదా నమ్మదగ్గ మాట. అంతకు మించి చెబితే, ఏం వదిలేశారో అడగండి.

ఇబ్బంది అంతా రోలర్ ఒంటి మీదే. పైన టంగ్‌స్టన్ కార్బైడ్ స్టడ్‌లు, అంటే గట్టి లోహపు మేకుల్లాంటివి ఉంటాయి, వాటి సందుల్లో నలిగిన పొడి గట్టిపడి కవచంలా పనిచేస్తుంది. తేమ నాలుగైదు శాతం దాటితే, మట్టి ఎక్కువైతే ఆ కవచం నిలవదు, స్టడ్‌లు బయటపడి త్వరగా అరుగుతాయి. తవ్వే షావెల్ బకెట్ నుంచి ఊడిన ఉక్కు పన్ను ఒక్కటి లోపలికి జారినా స్టడ్‌లు పుటుక్కున విరుగుతాయి. అందుకే ముందు మాగ్నెట్, ఆ తర్వాత మెటల్ డిటెక్టర్, దానికి లోహం దొరికితే రాయిని పక్కకు మళ్లించే డైవర్టర్ గేటు తప్పనిసరి. ఆ గేటు మాటిమాటికీ తెరుచుకుంటే నడిచే గంటలే పోతాయి.

పైన బిన్ నిండుగా లేకపోయినా తంటాయే. మేత ఒక పక్కకే పడితే రోలర్ వంకరపోతుంది, అరుగుదల ఒకే అంచున పేరుకుంటుంది. మామూలుగానే అంచుల దగ్గర ఒత్తిడి తక్కువ, కొంత రాయి సరిగ్గా నలక్కుండానే జారిపోతుంది. మెట్సో కంపెనీ హెచ్‌పీజీఆర్ మోడల్ హెచ్‌ఆర్‌సీ 3000 రోలర్ అంచుకే ఫ్లాంజ్, అంటే గోడలాంటి అంచు పెట్టి ఈ అంచు సమస్యను పట్టుకుంది. అమెరికాలోని మొరెన్సీ రాగి గనిలో నడుస్తున్నది ఇదే, 3 మీటర్ల వ్యాసంతో.

రాయి గట్టిదై, పొడిగా ఉండి, యూనిట్ రేటు ఎక్కువైతే కొనండి. మట్టి కలిసిన మెత్తటి ఖనిజానికి శాగ్ మిల్లే మేలు. ఏదైనా సరే, మీ గని రాయితోనే పైలట్ టెస్ట్ చేయించాకే సంతకం పెట్టండి. అదీ ఒకే బెంచీ (గనిలో మెట్టులా తవ్విన పొర) నుంచి కాదు, వచ్చే అయిదేళ్లలో తవ్వబోయే బెంచీలన్నిటి నుంచీ తీసిన శాంపిల్‌తో. స్టడ్ టైర్లు (రోలర్ మీది స్టడ్‌ల తొడుగులు) ఎన్ని గంటలు నిలుస్తాయన్నది గ్యారంటీలో రాయించుకోండి, మార్చడానికి పట్టే గంటలతో సహా.