రివర్‌ఫ్లై శిక్షణ: ఒక ఏడాది చేశాక నా అభిప్రాయం

నాలుగేళ్లుగా ఇంగ్లండ్‌లో ఒకే నదిలో ట్రౌట్ చేపలకి గాలం వేస్తున్నాను, కానీ ఆ రాళ్ల కింద ఏముందో ఈ శిక్షణకి వెళ్లేదాకా నాకు తెలియదు. రివర్‌ఫ్లైలంటే పిల్లదశలో నది అడుగున బతికి, పెద్దయ్యాక రెక్కలొచ్చి ఎగిరిపోయే పురుగులు. ఈ శిక్షణ ఇచ్చే కార్యక్రమం పేరు యాంగ్లర్స్ రివర్‌ఫ్లై మానిటరింగ్ ఇనిషియేటివ్, 2007 నుంచి బ్రిటన్‌లో నడుస్తోంది. గాలం వేసేవాళ్లే నెలకోసారి తమ నదిలో పురుగుల్ని లెక్కపెట్టి, లెక్క పడిపోతే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీకి (ఇంగ్లండ్‌లో పర్యావరణాన్ని చూసే ప్రభుత్వ సంస్థ) కబురు పెడతారు. చేరాలా వద్దా అని అడుగుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

శిక్షణ ఒక్కరోజే. పొద్దున గదిలో స్లైడ్లు, మధ్యాహ్నం నదిలో పని. వలని అడుగుకి ఆనించి, దానికి ఎగువన నిలబడి మూడు నిమిషాలు కాలితో గులకరాళ్లని కెలకాలి, లేచినవన్నీ ప్రవాహంతో పాటు వలలోకి వస్తాయి. తర్వాత ఇంకో నిమిషం పెద్ద రాళ్లని చేత్తో ఎత్తి చూడాలి. అంతా తెల్లటి ట్రేలో పోస్తే మొదట బురద, ఆకులు తప్ప ఏమీ కనపడవు. ఒక్క నిమిషం ఆగితే ట్రే మొత్తం కదలడం మొదలవుతుంది. నాకు ఈ శిక్షణ మొత్తంలో బాగా నచ్చింది ఆ నిమిషమే.

చూడాల్సినవి ఎనిమిది రకాలే, వాటిని చాలావరకు కదలికని బట్టే గుర్తుపట్టొచ్చు. ఓలివ్ అనే ఒక రకం మేఫ్లై పురుగు పిల్లలు చిన్న చేపల్లా చటుక్కున ఈదుతాయి, మంచినీటి రొయ్యలు పక్కకి ఒరిగి పరుగెడతాయి, బల్లపరుపుగా ఉండేవి రాయికి అతుక్కుని పాకుతాయి, స్టోన్‌ఫ్లైకి రెండే తోకలు, మేఫ్లైకి మూడు. కాడిస్ అనే పురుగుల్లో ఒక రకం ఇసుకతో, పుల్లలతో తనకో గూడు కట్టుకుని దాన్ని మోసుకుంటూ తిరుగుతుంది, అది మొదటిసారి కనపడ్డప్పుడు గాలం సంగతే మర్చిపోయాను. గూడు లేని కాడిస్‌ల దగ్గర మాత్రం ఇప్పటికీ తడబడతాను. మా బృందం శిక్షణలో స్లైడ్లకి అంత టైమ్ పెట్టే బదులు, ట్రేల దగ్గర ఇంకో గంట కూర్చోబెట్టి ఉండాల్సింది.

లెక్క సులువే. ఒక రకంలో 1 నుంచి 9 దాకా ఉంటే ఒక మార్కు, 10 నుంచి 99 దాకా రెండు, 100 నుంచి 999 దాకా మూడు, వెయ్యి దాటితే నాలుగు. ఎనిమిదింటి మొత్తం ఆ చోటుకి ముందే నిర్ణయించిన హద్దు కన్నా తగ్గితే, ఇంకో శాంపిల్ తీసి నిర్ధారించుకుని తెలియజేయాలి. వేసవి మొదట్లో చాలా పురుగులు రెక్కలొచ్చి ఎగిరిపోతాయి, మార్కులు సహజంగానే తగ్గుతాయి, ఆ విషయం తెలియక నేను మొదటి జూన్‌లో చాలా టెన్షన్ పడ్డాను.

ఇదంతా పనికొస్తుందా అనేవాళ్లకి దక్షిణ ఇంగ్లండ్‌లోని కెన్నెట్ నది సంగతి చెప్తాను. 2013 జులైలో మార్ల్‌బరో ఊరి దగ్గర వాలంటీర్లు మామూలుగా శాంపిల్ తీస్తే పురుగులు దాదాపు లేవు. క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు కొద్దిగా నదిలో కలవడమే కారణమని, దాదాపు 15 కిలోమీటర్ల మేర దెబ్బతిందని తేలింది. నీళ్లని సీసాలో పట్టి పరీక్షిస్తే ఆ క్షణంలో ఏముందో తెలుస్తుంది, నిన్న రాత్రి కొట్టుకుపోయిన విషం తెలియదు. పురుగులు నెలల తరబడి అక్కడే బతుకుతాయి కాబట్టి వాటి మీద ఆ ఆనవాలు మిగిలిపోతుంది.

లోటు లేదనను. ఏదో జరిగిందని ఈ లెక్క చెప్తుంది గానీ ఏం కలిసిందో చెప్పదు, అది తేల్చడానికి ల్యాబ్ కావాల్సిందే. నెలకోసారి చూసేది కాబట్టి మధ్యలో జరిగింది ఆలస్యంగానే తెలుస్తుంది. నేను ఆన్‌లైన్‌లో చవగ్గా కొన్న వల రెండో నెలకే కుట్లు ఊడిపోయింది, వల విషయంలో పిసినారితనం వద్దు.

మోకాళ్లు బాగోలేనివాళ్లు నదిలో దిగకపోయినా ట్రే దగ్గర కూర్చుని లెక్కపెట్టొచ్చు, మా బృందంలో అందరికన్నా పదునైన కళ్లు అలాంటి పెద్దాయనవే. వెళ్లేటప్పుడు చిన్న భూతద్దం తీసుకెళ్లండి. ఒకచోటి జబ్బులు ఇంకోచోటికి మోయకుండా బూట్లు, వల కడిగి బాగా ఆరబెట్టండి. లెక్క అయ్యాక పురుగుల్ని ఎక్కడ తీశారో అక్కడే మెల్లగా వదిలేయండి.